దేవుడి అలమారలో వోడ్కా

న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇంటి ముందు ఎకినేషియా పూసిందంటే, చాలాసార్లు అది ఇల్లు అమ్మినవాళ్లు వదిలిపోయిన ఆస్తే. ఊదారంగు రేకులు కిందికి వాలి, మధ్యలో ముళ్లపందిలాంటి బొడిపె నిక్కి చూస్తుంటుంది. ముళ్ల జంతువు పేరైన గ్రీకు మాట 'ఎకినోస్' నుంచే దీనికా పేరు. ఆర్నెల్ల వీసా మీద దిగిన అత్తగారికి గ్రీకుతో పనిలేదు. "ఊదా చామంతి" అని తేల్చేసి, రోజూ పొద్దున్నే నాలుగు కోసి దేవుడికి పెట్టేస్తుంది. ఆవిడ తేల్చింది శాస్త్రమే. చామంతీ, పొద్దుతిరుగుడూ, ఇదీ ఒకే కుటుంబం. చామంతి దండ పట్టుకుంటే తుమ్ములొచ్చేవాళ్లు ఈ మొక్కతో చేసే జలుబు మందుకి దూరంగా ఉండమనేది కూడా అందుకే.

పువ్వుల వరకూ అత్తాకోడళ్లకి పేచీ లేదు. పేచీ వేర్లతో మొదలవుతుంది.

చలికాలం రాకముందే టించరు, అంటే వేర్లని సారాయిలో నానబెట్టి తీసే మందు, చేసి పెట్టుకోవాలని కోడలి పట్టుదల. వేరుకి మూడు నాలుగేళ్ల వయసుండాలి, పైన మొక్క ఎండిపోయాకే తవ్వాలి. అంటే అక్టోబరు, నవంబరు. మన పంచాంగంలో ఆ రోజుల పేరు కార్తీకం. మామగారు ఉల్లిపాయ కూడా ముట్టని ఆ నెలలోనే కోడలు వోడ్కా సీసాతో ఇంట్లోకి వస్తుంది.

మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. మొగ్గలున్న మొదలు ముక్కల్ని మళ్లీ పాతేసి, మిగతా వేర్లని బ్రష్షుతో కడిగి, పచ్చివాటినే మామూలు వోడ్కాలో వేసేస్తుంది. రెండువందల గ్రాముల పచ్చి వేరులో నూటనలభై గ్రాముల దాకా నీళ్లే ఉంటాయి. నలభై శాతం వోడ్కా నాలుగువందల మిల్లీలీటర్లు పోస్తే, వేరులోని నీళ్లు కూడా కలిసి, చివరికి ముప్ఫై శాతం దగ్గర తేలుతుంది. అందులోకి వేరు సారం సరిగ్గా దిగదు. పచ్చి వేరుకైతే తొంభై అయిదు శాతం సారాయి కావాలి. అది దొరక్కపోతే వేరుని ఎండబెట్టి, వంద గ్రాములకి అయిదువందల మిల్లీలీటర్లు, యాభై శాతం వోడ్కా పోసుకోవాలి. ముక్కలు కోసాకే ఎండబెట్టాలి సుమా. ఎండాక కోద్దామనుకుంటే అది కట్టెపుల్ల. మిక్సీ బ్లేడు ఊరుకోదు.

రెండోసారి అంతా పద్ధతిగానే చేస్తుంది. గాజు జాడీ, వేరు ముక్కల మీద రెండు వేళ్ల ఎత్తున వోడ్కా. ఈ ఒక్క సంగతి అత్తగారికి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆవకాయ మీద నూనె తేలకపోతే బూజు పడుతుందని తెలిసిన చెయ్యి. ఇక ఆ జాడీ నాలుగు నుంచి ఆరు వారాలు చీకట్లో ఉండాలి, రోజూ ఒకసారి కుదపాలి. చీకటిగా ఉంటూ, మర్చిపోకుండా రోజూ తెరిచే అలమార ఆ ఇంట్లో ఒకటే ఉంది. కాశీ గంగ చెంబు పక్కన, విభూతి డబ్బా వెనక జాడీ ప్రతిష్ఠ జరిగింది.

మూడో వారంలో ఎంతవరకూ దిగిందో చూద్దామని కోడలు రెండు చెంచాలు వెండి గిన్నెలోకి వడగట్టింది. ఇంతలో ఆఫీసు ఫోను. సోమవారం, ఉపవాసం, మామగారి అభిషేకం పూర్తయింది. గిన్నెలో తేనెరంగు తీర్థం కనబడింది. "అకాల మృత్యు హరణం" అంటూ మూడు ఉద్ధరిణెలు పుచ్చుకున్నారు.

నాలుక చిమచిమలాడింది. పెదవులు మొద్దుబారాయి. నోట్లో నీళ్లూరిపోయాయి. స్వామి ప్రత్యక్షమవుతున్నాడని ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారట. అత్తగారు వేలితో అద్దుకుని నాలిక్కి రాసుకుని, "ఇది అక్కలకర్రండీ!" అంది. దగ్గరగానే వచ్చింది. అక్కలకర్రలో నాలుకని మొద్దుబార్చే ఆల్కమైడ్ల జాతి పదార్థాలే ఎకినేషియా వేర్లలోనూ ఉంటాయి. ఆ చిమచిమే వేరుకి పరీక్ష. నాలుక ఏమీ అనలేదంటే వేరు పాతదైనా అయ్యుండాలి, అసలు ఎకినేషియానే కాకపోయైనా ఉండాలి. దీని పేరుతో పార్థీనియం ఇంటెగ్రిఫోలియం వేరు అంటగట్టడం పాత మోసం. అది మన చేలగట్ల మీది వయ్యారిభామకి స్వయానా అక్కచెల్లెలు.

"అమ్మాయీ, ఇది దేంట్లో నానబెట్టావు?" అని మామగారు అడిగిన తర్వాతి నిశ్శబ్దాన్ని కొలిచే సాధనం ఏదీ లేదు.

కోడలు కాగితం మీద లెక్క వేసి చూపించింది. మూడు ఉద్ధరిణెలంటే ఆరు మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు మూడు. మామయ్యగారు పదేళ్లుగా రెండు పూటలా భోజనమయ్యాక తాగే దశమూలారిష్టం పూటకి ఇరవై మిల్లీలీటర్లు. పులియడంలో దానంతటదే పుట్టే ఆల్కహాలు అయిదు నుంచి పది శాతం. రోజు మొత్తానికి రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్లు. అంటే కార్తీకం ఇవాళ కొత్తగా చెడిందేమీ కాదు. ఈ ఓదార్పు పనిచెయ్యలేదు. ఆ పూట నుంచి అరిష్టం కూడా బంద్.

ఈ మొక్క చరిత్ర తెలిస్తే ఆయన ఇంత బాధపడేవారు కాదేమో. అమెరికా మైదానాల్లోని ఆదివాసులు పంటినొప్పికీ గొంతునొప్పికీ పాముకాటుకీ ఈ వేరు వాడేవారు. 1880ల్లో నెబ్రాస్కాకి చెందిన మేయర్ అనే మందుల వ్యాపారి దాన్ని సీసాల్లో పోసి అమ్ముతూ, నమ్మకపోతే మీ ఎదుటే గిలక్కాయ పాము చేత కరిపించుకుంటానని సిన్సినాటి వైద్యులకి కబురు పంపాడు. వాళ్లు వద్దన్నారు. తర్వాత 1930ల్లో జర్మనీ నుంచి మాడౌస్ అనే మందుల తయారీదారు వచ్చి ఒక రకం విత్తనాలు అడిగితే, చేతికొచ్చింది ఇంకో రకం, పర్పూరియా. యూరప్ పరిశోధనలో పెద్ద భాగం ఆ పొరపాటు మీదే నడిచింది.

పోలిస్వర్గం వెళ్లిన మర్నాడే మామగారికి జలుబు చేసింది. మనవడికీ చేసింది. "వాడికీ నాలుగు చుక్కలు పొయ్యవే" అంది అత్తగారు. ఇక్కడ కోడలు గట్టిగా నిలబడింది. 2003లో అమెరికాలో రెండు నుంచి పదకొండేళ్ల పిల్లల మీద చేసిన పరీక్షలో జలుబు తగ్గలేదు సరికదా, ఒంటి మీద దద్దుర్లు మాత్రం ఎక్కువమందిలో కనిపించాయి. పన్నెండేళ్ల లోపువాళ్లకి ఇవ్వొద్దని 2012లో బ్రిటన్ మందుల సంస్థ చెప్పింది. వాడికి మిరియాల చారే దక్కింది.

పెద్దవాళ్లకైనా దీని మీద పెట్టుకోదగ్గ ఆశ కొంచెమే. వైద్య ప్రయోగాల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2014లో 24 ప్రయోగాల్ని కలిపి చూసిన సమీక్ష, జలుబుకి మందుగా రుజువు కాలేదనీ, ముందుగా వాడితే స్వల్ప లాభం ఉండొచ్చనీ అంది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఒక డ్రాపరు, అంటే మిల్లీలీటరు. పది రోజులు దాటకూడదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్లూ, దాన్ని అణచే మందులు వాడేవాళ్లూ ముట్టకూడదు. మామగారికి ఆ ఇబ్బందులేవీ లేవు. కార్తీకమూ అయిపోయింది. సరేనన్నారు.

ఇంతా చూసుకున్న కోడలు ఒక్కటే మర్చిపోయింది. కెఫీన్‌ని ఒంట్లోంచి ఖాళీ చేసే కాలేయపు ఎంజైమును ఎకినేషియా మందగింపజేస్తుంది. మామగారికి రోజుకు మూడు ఫిల్టరు కాఫీలు. నాలుగో రాత్రి మూడింటికి హాల్లో వార్తల ఛానెల్ హోరెత్తుతుంటే కోడలు లేచి వచ్చింది. ఆయన సోఫాలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

"నిద్ర పట్టట్లేదమ్మాయీ. తల దిమ్ముగా ఉంది. ఎలాగూ లేచావు, కాస్త చిక్కగా ఓ కాఫీ పెడుదూ."