అన్నిటికీ 'ఎక్కువ' అని రాసేస్తే సరా?

పోటీ పరీక్షల గైడు ఒకటి తిరగేస్తుంటే ఒళ్లు మండింది. ఎక్సెస్ అంటే ఎక్కువ, సర్‌ప్లస్ అంటే ఎక్కువ, సర్ఫీట్ అంటే ఎక్కువ, గ్లట్ అన్నా ఎక్కువేనట. మరి ఇన్ని మాటలెందుకు, పిల్లలు బట్టీ కొట్టడానికా?

సర్‌ప్లస్ అంటే అవసరాలు తీరాక మిగిలింది. అందులో తప్పుపట్టడం లేదు. 2023-24కి రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి ఇచ్చిన 2,10,874 కోట్ల రూపాయలు సర్‌ప్లస్. దాన్నే ఎక్సెస్ అని రాసి చూడండి, బ్యాంకు ఎక్కడో లెక్క తప్పిందనుకుంటారు. ఎందుకంటే ఎక్సెస్‌కి ముందు ఒక హద్దు ఉండాలి, అది దాటాలి. విమానంలో లగేజీ బరువు హద్దు దాటిందా, డబ్బు కట్టాల్సిందే. వాతావరణ శాఖ లెక్క ఇంకా కచ్చితం. వాన సాధారణం కన్నా 20 నుంచి 59 శాతం పెరిగితే ఎక్సెస్, 60 దగ్గర్నుంచి లార్జ్ ఎక్సెస్. 19 శాతం పెరిగితే? నార్మలే! ఎక్కువ పడింది, కానీ ఎక్సెస్ కాదు. గైడు రాసినాయన దీనికేం చెప్తాడో వినాలనుంది.

చెరువు నిండాక నీళ్లు పోయే అలుగునే చూడండి, తెలంగాణలో మత్తడి అంటారు. ఇంజనీర్లకు అది సర్‌ప్లస్ వియర్. అలుగు దూకిందంటే ఊరంతా చూడ్డానికి పరిగెడుతుంది, పసుపు కుంకుమ చల్లి దండం పెట్టుకుంటారు. కట్ట తెగినప్పుడు కదా ఏడుపు.

అసలు కోపం గ్లట్ దగ్గర. మదనపల్లె, పత్తికొండ మార్కెట్లకు టమాటా ఒక్కసారిగా వచ్చి పడిందంటే ధర కుప్పకూలుతుంది. కోత కూలీ, బండి కిరాయి కూడా గిట్టక రైతు గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. అది గ్లట్. దాన్ని పేపర్లో 'మిగులు ఉత్పత్తి' అని రాస్తే ఎట్లా? ఏం మిగిలిందట, అప్పు తప్ప?

సర్ఫీట్‌కి మన దగ్గరే అచ్చంగా సరిపోయే మాట ఉంది, మొహం మొత్తడం. పెళ్లి భోజనంలో మూడో జాంగ్రీ వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెడతామే, అదీ. రిడండెంట్ అంటే ఉన్నది చాలుతుండగా అదనంగా ఉన్నది, దాని సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలుసు. సర్వర్‌కి అలా అదనంగా ఇంకోటి ఉంటే నిశ్చింత, ఒకటి ఆగినా పని ఆగదు; లండన్‌లో ఉన్న మనవాడికి ఆ మాట వచ్చిందంటే ఉద్యోగం ఊడినట్టే.

ఇంత తేడా మనవాళ్లకు తెలియదనుకోవద్దు. 'ఎక్స్‌ట్రాలు చేయకు' అన్న అమ్మే ఇంకోసారి 'ఓవర్ చేయకు' అంటుంది. మొదటిది అడగని తెలివితేటలకి, రెండోది గోరంత జ్వరానికి కొండంత మూలుగుకి. ఏ తిట్టు దేనికో పడ్డవాడికి బాగా తెలుసు.