ఎదురుతిరిగే జోడీ కావాలి

మీ అమ్మాయికో అబ్బాయికో కరాటే క్లాసులో మణికట్టు విడిపించుకోవడం నేర్పారా? అయితే ఈ సాయంత్రం ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి. 'పట్టుకుని ఊరికే నిలబడను, వదలను, నా వైపు లాగుతాను' అని ముందే చెప్పి చెయ్యి పట్టుకోండి. పది సెకన్లు చాలు. క్లాసులో నేర్పిన పద్ధతి తప్పేమీ కాదు. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు ఉంటుంది, చేతిని ఆ సందువైపు తిప్పి లాగితే పట్టు సడలుతుంది. కానీ క్లాసులో జోడీగా నిలబడ్డ పిల్లవాడు చెయ్యి పట్టుకున్నాక కదలడు. బయట పట్టుకునేవాడు ఆ క్షణంలోనే లాగుతాడు, రెండో చేత్తో జుట్టో మెడో అందుకుంటాడు. అప్పుడు మొదట చేయాల్సింది చెయ్యి తిప్పడం కాదు. లాగిన వైపే ఒక అడుగు వేసి, మోకాళ్లు కాస్త వంచి నిలదొక్కుకోవాలి. మోచేతిని పక్కటెముకలకు ఆనించుకోవాలి. ఆ తర్వాతే సందువైపు తిప్పాలి. లాగని జోడీ దగ్గర ఎన్నేళ్లు సాధన చేసినా ఇవి ఒంటబట్టవు.

హైదరాబాద్‌లో వేసవి శిబిరాలు మొదలయ్యే రోజుల్లో ఓ పాత వాదం మళ్లీ వినిపిస్తుంటుంది. తాతల నాటి యుద్ధవిద్యలే అసలైన పోరాటమని, ఇప్పటి పోటీలు పాయింట్ల ఆటలని ఒకరంటారు. పాతవన్నీ ప్రదర్శనలే, రింగులో నిలిచిందే విద్య అని ఇంకొకరంటారు. ఈ వాదంలో గీత గీయాల్సిన చోటు వేరే ఉందని మేము అనుకుంటున్నాం. విద్య పాతదా కొత్తదా అన్నది ముఖ్యం కాదు. సాధనలో ఎదుటివాడు నిజంగా ఎదురుతిరుగుతున్నాడా లేదా అన్నదే చూడాలి.

ఈ మాటకు పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలింఖానాలే సాక్ష్యం. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారక్సుల పేరే బార్కస్ బస్తీ పేరైంది. అక్కడి వీధుల్లో పహిల్వాన్ అన్న మాటకున్న మర్యాద ఇప్పటికీ తగ్గలేదు. తాలింలో దండీలు, బస్కీలు, ముగ్దళ్లు (తిప్పే బరువైన చెక్క గదలు) అన్నీ ఉంటాయి. కానీ అవి ఒంటిని సిద్ధం చేయడానికే. అసలు చదువు జోర్‌లో ఉంది. ఉస్తాద్ చూస్తుండగా ఇద్దరు గోదాలో దిగి, ఒకరి పట్టును ఒకరు నిజంగా విరగ్గొట్టే ప్రయత్నం రోజూ చేస్తారు. ఎదుటివాడిని వీపు మీదుగా విసిరే ధోబీపాట్ వేయబోతే ఎదుటివాడు నడుము కిందికి దించి బరువు వేస్తాడు, పట్టు పడదు. ఎందుకు పడలేదో అప్పుడే తెలుస్తుంది: నడుము అవతలివాడి నడుము కన్నా కిందికి పోలేదు, లేదా చెయ్యి లాగకముందే వీపు తిప్పేశాడు. ఏళ్ల తరబడి రోజూ ఇలా ఓడి నేర్చుకున్న పట్టు గనకే కుస్తీ ఎక్కడైనా పనిచేస్తుంది.

ఆ గోదా మట్టిని నిలబెట్టుకోవడమూ ఒక విద్యే. మట్టిని జల్లించి రాళ్లు తీయాలి. పసుపు, ఆవనూనె, వేపాకు పొడి కలపాలి. రోజూ పారతో తవ్వి గుల్ల చేయాలి, తగినంత నీళ్లు చిలకరించాలి. రెండు మూడు రోజులు తవ్వకుండా వదిలేస్తే మట్టి గట్టిపడుతుంది, పడ్డవాడి కాలర్ ఎముక విరుగుతుంది. నీళ్లు ఎక్కువైతే కాలు జారి మోకాలు మెలిపడుతుంది. నగరంలో గోదా కోసం ఖాళీ జాగా దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో, ఉన్న తాలింఖానాల మట్టినైనా కాపాడుకోవడం జీహెచ్‌ఎంసీకి పెద్ద ఖర్చేమీ కాదు.

కర్రసాము సంగతి వేరు. దసరాకు, బోనాలకు, మొహర్రం ఊరేగింపుల్లో కర్ర తిరుగుతుంటే కళ్లు తిప్పుకోలేం. కానీ చాలాచోట్ల ఆ తిప్పడమే విద్యగా మిగిలిపోయింది. నొసటి ఎత్తున, అంటే దాదాపు ఐదున్నర అడుగుల వెదురు కర్రను మధ్యలో పట్టి తిప్పితే ఏ కొస అయినా మూడడుగుల లోపే అందుతుంది. అదే కర్రను ఒక చివర పట్టి, ముందు చేతిని పావువంతు దగ్గర ఉంచితే నాలుగడుగులు ముందుకు మిగులుతుంది. తిప్పడం వల్ల మణికట్టు బలపడుతుంది, చేతి మార్పు అలవాటవుతుంది, ఆ మేలు కాదనం. అయితే తిరిగే కర్ర దారి ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. వాడు ఒక్క అడుగు లోపలికి వచ్చాడంటే కర్ర ఎందుకూ కొరగాదు, ఇక మిగిలేది కుస్తీయే. కర్రతో అన్నిటికన్నా దగ్గరి దారి పొడుపు. దూరంగా నిలబడ్డ జనానికి అది కనిపించదు, చప్పట్లు రావు, అందుకే ప్రదర్శనల్లోంచి ముందుగా జారిపోయింది. వెనక్కి అడుగువేస్తూ పొడిచే సాధన మళ్లీ రావాలి.

అందుకు కర్రసాములోనూ జోర్ పెట్టాలని మా సూచన. పలచని బెత్తానికి ఫోమ్ చుట్టి, టేపు వేసి, కొసను ఇంకా మందంగా కట్టాలి. తలకు హెల్మెట్, చేతులకు క్రికెట్ బ్యాటింగ్ గ్లౌజులు కావాలి, ఎందుకంటే నిజమైన కర్రపోరులో ముందు తగిలేది వేళ్లకే. క్రికెట్ హెల్మెట్ గ్రిల్ సందుల్లోంచి కొస దూరగలదు కాబట్టి పొడుపును ఛాతీకే పరిమితం చేయాలి. ముప్ఫై సెకన్ల చొప్పున ఆడితే చాలు. పదేళ్లు కర్ర తిప్పినవాళ్లకు తమ కాళ్లు ఎక్కడ తడబడుతున్నాయో మొదటి రోజే అర్థమవుతుంది. ఉత్త కర్రలతో కలబడే సాధన మాత్రం వద్దు. ఎండిన వెదురు నిలువునా చీలుతుంది, ఆ పేడు కంట్లో గుచ్చుకుంటుంది. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో కర్రలు నిజంగానే తగులుతాయి, తలలు పగులుతాయి. ఆ భక్తిని మేము తప్పుపట్టడం లేదు. అయితే దెబ్బ నిజమైనంత మాత్రాన అది సాధన కాదు.

ఈ చిక్కును 140 ఏళ్ల కిందటే విప్పినవారు జూడో స్థాపకుడు జిగోరో కానో. 1882లో ఆయన టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణశాల పెట్టినప్పుడు జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను కతా అనే నియమబద్ధ అభ్యాసంలో ఉంచి, మిగిలిన విసుర్లు, పట్లను ఎదురుతిరిగే జోడీతో పూర్తి బలంతో చేయించారు. దానికి రందోరి అని పేరు. మన జోర్ లాంటిదే. కంట్లో పొడిచే విద్యను ఎవరి మీదా పూర్తిగా ప్రయోగించి చూడలేం, కాబట్టి అది ఎన్నేళ్లు నేర్చినా ఊహగానే ఉంటుంది. రోజూ పదిమందిని పడేసే విసురు అలా కాదు, చేతికి వచ్చేస్తుంది. 'మా విద్య మరీ ప్రాణాంతకం, అందుకే పోటీల్లో వాడం' అనే గురువులు ఈ తేడాను గుర్తించాలి. 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన, వేర్వేరు యుద్ధవిద్యలవాళ్లు తలపడే మొదటి యూఎఫ్‌సీ పోటీలో, తనకన్నా బరువైనవారి మధ్య నిలిచి బ్రెజిల్‌కు చెందిన రాయిస్ గ్రేసీ గెలిచారు. ఆయన కుటుంబ విద్య ఆ జూడో కొమ్మ నుంచే వచ్చింది.

అలాగని క్రీడ చేసేదంతా ఒప్పు కాదు. నియమం ఎక్కడుంటే అలవాటు అక్కడికి వంగుతుంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ కరాటే ఫైనల్‌లో సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమేదీ ముందంజలో ఉండి, ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే తలపై తన్నాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్వర్ణం అతడికే దక్కింది, ఎందుకంటే దెబ్బను అదుపులో ఉంచాలన్నది ఆ పోటీ నియమం. క్రీడగా అది న్యాయమైన తీర్పేనని మా అభిప్రాయం. అయితే తాకీ తాకకుండా ఆపడమే వేలసార్లు సాధన చేసినవాడి చెయ్యి అవసరం పడినప్పుడు కూడా అక్కడే ఆగవచ్చు. తైక్వాండోలో ముఖంపై గుద్దు నిషిద్ధం, కాబట్టి చేతులు కిందికి జారతాయి. తగిలిన దెబ్బను లెక్కించే ఎలక్ట్రానిక్ కవచాలు వచ్చాక ముందుకాలు ఎత్తిపెట్టి తాకించడమే ఆటగా మారింది. జూడోలో కాళ్లు పట్టుకోవడాన్ని 2010లో కట్టడి చేసి 2013లో పూర్తిగా ఆపేశారు. కాబట్టి నేటి జూడో ఆటగాడికి కాళ్లు పట్టేవాడిని ఎదుర్కొనే అలవాటు తప్పింది. కుస్తీలోనూ ఇలా నియమానికి తగ్గట్టు వంగడం పాత సంగతే. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో తలపడిన పోలండ్ కుస్తీ యోధుడు జ్బిస్కో రెండు గంటలకు పైగా బోర్లా పడుకుని చిత్ కాకుండా, అంటే వీపు నేలకు ఆనకుండా, డ్రా చేసుకున్నాడు. 1928లో పటియాలాలో మళ్లీ తలపడితే నిమిషం లోపే గామా గెలిచాడు. బోర్లా పడుకోవడం మ్యాట్‌పై రక్షణ కావచ్చు. రోడ్డు మీద అయితే వీపూ తలా బూటుకాలికి అప్పగించినట్టే.

మట్టి నుంచి మ్యాట్‌కు మారినవారికీ దారి ఉందని మహారాష్ట్ర కుస్తీ యోధుడు ఖాశాబా జాదవ్ చూపించారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం, 1952 హెల్సింకీలో కాంస్యం. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అదే. మట్టిలో ఓపిక గెలిపిస్తుంది. మ్యాట్ మీద మూడేసి నిమిషాల రెండు భాగాలే ఉంటాయి, గీత దాటితే పాయింటు పోతుంది, కాబట్టి మొదటి క్షణం నుంచే కాళ్ల మీదికి దూకాలి. మన తాలింల పిల్లలకు వారానికి రెండు రోజులైనా మ్యాట్ అందితే ఈ మార్పు సాధ్యమే. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ బాక్సింగ్ విజేత కాగలిగారంటే, తెలంగాణ పిల్లల్లో సత్తాకు లోటు లేదు.

ఇక వీధి. అక్కడ నేల కాంక్రీటు, ఎదుటివారు ఒక్కరే అన్న హామీ లేదు, చేతిలో ఏముందో కనబడదు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో లెక్కగట్టి చూపారు. కత్తిని ఉత్తి చేతుల్తో లాక్కోవడం పిల్లలకు నమ్మకంగా నేర్పే శిక్షణ వారిని ప్రమాదంలోకి నెడుతుంది. దూరం పెంచడం, మధ్యలో బండో బల్లో అడ్డం పెట్టుకోవడం, పరుగు, కేక, 112కు ఫోన్: మొదట నేర్పాల్సినవి ఇవి. గుద్దాల్సే వస్తే గట్టిగా ఉండే పుర్రెకు ఉత్తి పిడికిలి తగిలి చిటికెనవేలి వైపు అరచేతి ఎముక విరుగుతుంది, అరచేతి మడమ వాడటం మేలు. చట్టం కూడా నేర్పాలి. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఇస్తూనే, అవసరానికి మించిన హాని చేయొద్దంటున్నాయి. కిందపడ్డవాడిని వెంటాడి కొట్టే కదలికను 'ఫినిషింగ్' పేరుతో పిల్లలకు నేర్పితే వారిని కేసులోకి నెట్టడమే.

ఈ విద్యలన్నిటిలో నగరవాసికి ఎక్కువగా అక్కరకు వచ్చేది పడటం. వర్షంలో మెట్రో పిల్లర్ల పక్కన స్కూటీ జారినవారికి ఇది తెలుసు. పడేటప్పుడు చెయ్యి చాచి నేలను ఆపబోతే మణికట్టు విరుగుతుంది. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదలాలి, చేతిని ఒంటికి ఏటవాలుగా చాచి ముంజేయి మొత్తంతో నేలను కొట్టాలి. మొదటి వారం గొంతుక్కూచుని, తర్వాత నిలబడి, చివర జోడీ తోస్తుండగా సాధన చేయాలి. జూడో మ్యాట్ నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుంది. అపార్టుమెంటు సెల్లార్లలో పరిచే పలచని పజిల్ మ్యాట్ల మీద విసుర్లు చేయించకూడదు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజు సాధన ఆపి డాక్టరుకు చూపించాలి. హెల్మెట్ చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు.

ప్రదర్శన కళగా ఉండటంలో చిన్నతనమేమీ లేదు. నటరాజ రామకృష్ణ వెలికితెచ్చిన పేరిణి యోధుల నృత్యంగానే గౌరవం పొందుతోంది, దాన్ని ఆత్మరక్షణ అని ఎవరూ అమ్మడం లేదు. శిక్షణ కేంద్రాలు కూడా తాము నేర్పుతున్నది ప్రదర్శనా, పోటీనా, ఆత్మరక్షణా అన్నది ఫీజు తీసుకునే ముందే రాసివ్వాలి. బెల్టుల విషయంలో ఇది మరీ అవసరం. జపనీయుల లెక్కలో నల్ల బెల్టు మొదటి స్థాయి పేరు షోదాన్, అంటే తొలి మెట్టు. రంగురంగుల బెల్టులు ఆ తర్వాత యూరప్‌లో పెరిగాయి. మూణ్నెల్లకో రంగు మార్చి, ప్రతి రంగుకూ ఫీజు కట్టించుకునే పద్ధతికి పాఠశాల విద్యాశాఖ, క్రీడాశాఖ కలిసి ఒక కనీస పరీక్ష నిర్ణయించాలి. ఏ రంగు బెల్టయినా సరే, తనంత బరువున్న జోడీ పట్టు వదలకుండా లాగుతుండగా ముప్ఫై సెకన్లు నిలబడి చూపాలి, తోస్తే గాయపడకుండా పడి లేవాలి. ఆ పరీక్ష తల్లిదండ్రుల ఎదుట జరగాలి.