పాసవుట్ అంటే నవ్వెందుకు?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వేదిక మీదకు పిలిచారు. ఒక పెద్దాయన జేబులోంచి రూళ్ల కాగితం తీసి, మన పిల్లలకు అర్థం కావాలని ఇంగ్లీషులోనే చదివారు. "మై సన్ పాస్డ్ అవుట్ ఇన్ 2004" అన్నారు. యాంకరింగ్ చేస్తున్న కుర్రాడు వెంటనే "ఈజ్ హీ ఓకే నౌ?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. ఎందుకో తెలియక ఆయనా నవ్వారు. కాగితంలో ఇంకా సగం ఉంది. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని దిగిపోయారు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అమెరికాలో ఆ మాటకు స్పృహ తప్పడం అని అర్థం. అలసిపోయి సోఫాలోనే నిద్రపోయినా అదే అంటారు. పంచిపెట్టడానికీ అదే మాట. ఆ సాయంత్రం ఉగాది పచ్చడి కప్పులు 'పాస్ అవుట్' చేయమని చిన్నపిల్లలకు చెప్పింది ఆ కుర్రాడే! బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని కూడా అలాగే అంటారు. దుండిగల్‌లో వైమానిక దళ క్యాడెట్లు, హైదరాబాద్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లు చేసే పాసింగ్ అవుట్ పరేడ్ ఆ వాడుకే. ఇండియాలో కాలేజీ చదువు పూర్తి చేయడానికీ అదే మాట. "ఏ ఇయర్ పాసవుట్?" అని మనల్ని ఎన్ని ఇంటర్వ్యూల్లో అడగలేదు?

కుర్రాడినొక్కడినే అనను. ఆ నవ్వు నేర్పింది మనమే. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు ఫోన్లో "తాతయ్య పోయారు" అంది. గుడికి వెళ్లారని దాని ఉద్దేశం. అవతల మా పెద్దత్త ఘొల్లున ఏడ్చేసింది. తర్వాత ప్రతి పాట్‌లక్ విందులో ఆ కథ చెప్పుకుని నవ్వాం. తెలంగాణలో "గుడికి పోయిన్రు" అంటే వెళ్లారనే కదా. పిల్ల ఆ మాట పక్కింటి వరంగల్ వాళ్ల దగ్గర విని ఉంటుంది. ఏ ఒక్కరమూ దాన్ని కూర్చోబెట్టుకుని ఆ తేడా చెప్పలేదు. ఇప్పుడు దానికి పదిహేడేళ్లు. ఇండియా నుంచి ఫోన్ వస్తే "హాయ్" అనేసి నా చేతికిచ్చి వెళ్లిపోతుంది.

కార్యవర్గానికి నాదొక మనవి. ఆ పెద్దాయన సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటారు. ఈలోగా మన సమ్మర్ పిక్నిక్ ఉంది. ఆ రోజు మళ్లీ ఆయన చేతికి మైకు ఇవ్వండి. పక్కన ఆ కుర్రాడినే నిలబెట్టండి. కాగితంలో మిగిలిన సగం మనం ఇంకా వినలేదు.