దీర్ఘచతురస్రాకారపు గుంతలు

రోడ్ల నిర్వహణ విషయంలో సామాన్య ప్రజలకు ఉన్న అపోహలను తొలగించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిర్వహణ అంటే రోడ్డును బాగా ఉంచడమేనని చాలామంది అమాయకంగా నమ్ముతున్నారు. శాఖాపరంగా చూస్తే నిర్వహించవలసింది కాంట్రాక్టును. రోడ్డు దానికి చిరునామా మాత్రమే. ఈ సంగతి తెలియక వాహనదారులు గుంతలో పడ్డ ప్రతిసారీ ఎవరినో ఒకరిని తిట్టుకుంటున్నారే తప్ప, ఆ గుంత చుట్టూ అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, కొలతలు, బిల్లు అంటూ ఎంతమంది ఎన్ని సంతకాలు చేశారో ఒక్క క్షణం కూడా ఆలోచించడం లేదు.

అంచనా తయారీ నుంచే మొదలుపెడదాం. కంకర ఏ క్వారీ నుంచి ఎన్ని కిలోమీటర్లు రావాలి, తారు ఎక్కడి నుంచి తేవాలి, రోలరుకు గంటకు ఎంత, కూలీకి రోజుకు ఎంత అన్నవన్నీ ఎస్‌ఎస్‌ఆర్ అనే ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం లెక్కగట్టి, ఆ మొత్తం మీద ఓవర్‌హెడ్లు, గుత్తేదారు లాభం కింద 13.615 శాతం కలుపుతారు. పదమూడున్నర అని సరిపెట్టుకోవచ్చు. కానీ ప్రజాధనం విషయంలో మూడో దశాంశాన్ని కూడా వదలకూడదన్న నిష్ఠ మన ఇంజినీర్లది. ఇంత నిష్ఠగా తేల్చిన మొత్తాన్ని టెండరుకు పెట్టగానే, గుత్తేదారు వచ్చి అందులో పాతిక శాతం లెస్‌కు చేస్తానంటాడు. శాఖ సంతోషించి ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడిగా, ఖరారు చేస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క చేసుకోవాలి. నూరు రూపాయల అంచనాలో ఓవర్‌హెడ్లు, లాభం కలిపి పన్నెండు రూపాయలు పోతే, పనికయ్యే అసలు ఖర్చు ఎనభై ఎనిమిది. గుత్తేదారుకు వచ్చేది డెబ్బై అయిదు. అంటే లాభమంతా వదులుకున్నాక కూడా నూటికి పదమూడు రూపాయలు సొంత జేబులోంచి తీసి ఆయన ప్రభుత్వానికి రోడ్డు వేసి పెడుతున్నాడన్న మాట. అయితే అంచనా అయినా తప్పు కావాలి, లేదా జరగబోయే పని అయినా తప్పు కావాలి. ఈ రెండూ కాకుండా మిగిలే ఒకే ఒక్క వివరణ గుత్తేదారు దానగుణం. శాఖ అధికారికంగా నమ్మేది దీన్నే. 2003 నాటి జీవో 94 ప్రకారం అంచనా మీద అయిదు శాతం మించి ఎక్కువ కోట్ చేస్తే టెండరు చెల్లదు. పాతిక శాతం మించి తక్కువ చేస్తే మాత్రం చెల్లుతుంది, కాకపోతే ఆ పైతేడాకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. దానం చేసేవాడి దగ్గరే పూచీకత్తు రాయించుకోవడం మన పాలనా సంప్రదాయానికే చెల్లింది.

ఇక పని. గుంత పూడ్చడానికి రోడ్ల స్పెసిఫికేషన్లలో ఒక పద్ధతి ఉంది. గుంత చుట్టూ అంచులను నిలువుగా కోసి, చదరంగానో దీర్ఘచతురస్రంగానో మలచాలి. లోపలి వదులు కంకరను, దుమ్మును, నీళ్లను పూర్తిగా తీసేయాలి. అడుగుకూ అంచులకూ టాక్ కోట్, అంటే కొత్త పొర అంటుకోవడానికి పలచని తారు పూత, పూయాలి. వంద మిల్లీమీటర్లు మించని పొరలుగా నింపుతూ, ఏ పొరకు ఆ పొరను గట్టిగా అణచాలి. గుంతకు ఇంత మర్యాద ఎందుకని అడగకండి. అంచు కోయని గుంతలో వేసిన ప్యాచ్ తొలి వానకే అంచు దగ్గర లేచిపోతుంది.

ఆచరణలో మధ్యాహ్నం పూట ఒక ట్రాక్టరు వస్తుంది. ట్రక్కులో తాటిపత్రి కింద తారు కలిపిన కంకర మిక్స్ అప్పటికే సగం చల్లారి ఉంటుంది. ఒకామె చీపురుతో గుంతలోని దుమ్మును లేపుతుంది, అది తిరిగి గుంతలోనే పడుతుంది. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకున్న కుర్రాడు రోజ్ క్యాన్‌తో నాలుగు చుక్కల తారు చల్లుతాడు. ఇద్దరు తట్టలతో మిక్స్ తెచ్చి పోస్తారు, మేస్త్రీ పార వెనక్కి తిప్పి రెండు దెబ్బలు వేస్తాడు. రోలరు సమయానికి రాదు కాబట్టి, అణచే బాధ్యతను వెనకాలే వచ్చే ఇసుక లారీలకు ఉచితంగా అప్పగిస్తారు. ఈ మండుటెండలో మరిగే తారు దగ్గర నిలబడే ఆ కూలీల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నూటికి పదమూడు రూపాయల దానం ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. అది వాళ్ల కూలిలోంచి, తారులోంచి, పొర మందంలోంచి వస్తుంది.

కానీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు కొలతలు రాసే ఎం-బుక్ తెరిచి చూడండి, కళ్లు చెమర్చుతాయి. అందులో గుంతలన్నీ దీర్ఘచతురస్రాలే. పొడవు, వెడల్పు, లోతు అనే మూడు గడుల్లో ఒదగని గుంత ఒక్కటీ ఉండదు. రోడ్డు మీద ఏ గుంతనూ ఎవరూ కోయకపోయినా, ప్రతి గుంతా నిలువు అంచులతో, సరళరేఖలతో క్రమశిక్షణగా పుస్తకంలో కూర్చుంటుంది. ఆ పైన ఆయన పై అధికారి డీఈ గారి చెక్ మెజర్‌మెంట్, అంటే ఆ కొలతల తనిఖీ. పొడవు, వెడల్పు టేపు పెట్టి చూడవచ్చు. పూడ్చేసిన గుంత లోతును కొలవడం మాత్రం ఎవరి తరమూ కాదు. అది పూర్తిగా విశ్వాసానికి సంబంధించిన విషయం, అందుకే బిల్లులో అన్నిటికన్నా ఎక్కువ పెరిగే అవకాశం ఉన్నది కూడా అదే.

తొలి వానకు ప్యాచ్ లేచిపోయినప్పుడు లోతైన తాత్విక ప్రశ్న ఒకటి తలెత్తుతుంది. ఇప్పుడు కనిపిస్తున్నది పాత గుంతా, కొత్త గుంతా? పాతదే అయితే లోప బాధ్యత గడువు కింద గుత్తేదారు ఉచితంగా బాగుచేయాలి. కొత్తదైతే కొత్త అంచనా, కొత్త టెండరు. ఒకే చోట, ఒకే సైజులో ఉన్నా అది కొత్తదేనని తేల్చడానికి ఎక్కువ సమయం పట్టదు.

గుత్తేదారు పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పని చేశాక బిల్లు పెట్టడం ఒకెత్తు, అది పాసయ్యాక డబ్బు పడటం మరొకెత్తు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మరమ్మతులకు టెండర్లు పిలిస్తే, పాత బకాయిల భయంతో చాలాచోట్ల గుత్తేదారులు ముఖం చాటేశారు. తెలిసినవాళ్లెవరూ ముందుకు రాని పనికి తెగించి వచ్చేవాడు ఎలాంటివాడో, అతను వడ్డీకి తెచ్చిన డబ్బుతో వేసే పొర ఎంత మందం ఉంటుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవనక్కరలేదు.

ఈ వ్యవస్థను చెడగొట్టే ప్రయత్నాలు లేకపోలేదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన గుత్తేదారే అయిదేళ్లు దాన్ని చూసుకోవాలన్న నిబంధన ఉంది. పైగా ఈ-మార్గ్ అనే పద్ధతిలో ఎన్ని గుంతలు పూడ్చారని కాక, రోడ్డు ఏ స్థితిలో ఉందో చూసి డబ్బు చెల్లిస్తారు. హైదరాబాదులోనూ 2019 చివర్లో జీహెచ్‌ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను అయిదేళ్లపాటు ఏజెన్సీల చేతుల్లో పెట్టింది. గుంత పడితే ఎవరిని అడగాలో తెలిసే పరిస్థితి వచ్చింది. ఇవి చాలా ప్రమాదకరమైన ఆలోచనలు. గుంతకింత అని డబ్బిచ్చినప్పుడు గుంతలు ఆదాయ వనరు. గుంత లేని రోడ్డుకు డబ్బిస్తే అవే నష్టం. ఇదే అన్ని రోడ్లకూ పాకితే ఎం-బుక్‌లోని దీర్ఘచతురస్రాలన్నీ ఏమైపోవాలి?

2013 నుంచి 2017 వరకు దేశంలో గుంతల వల్ల 14,926 మంది మరణించారన్న లెక్క 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కోర్టు ఆగ్రహించింది. మరుసటి ఏడాది మోటారు వాహనాల చట్టంలో 198ఎ అనే సెక్షన్ చేరింది. రోడ్డు నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, బాధ్యత గల అధికార సంస్థకు గానీ గుత్తేదారుకు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా. శాఖ భయపడనవసరం లేదు, ఆ సెక్షన్‌ను చివరిదాకా చదివితే చాలు. తీర్పు చెప్పే ముందు కోర్టు చూడవలసిన అంశాల్లో, ఆ రోడ్డు ఏ స్థితిలో ఉంటుందని వాడేవారు ఆశించి ఉంటారన్నది ఒకటి. ఈ ఒక్క వాక్యంలోనే రోడ్ల శాఖ దశాబ్దాల కృషికి ఫలం ఉంది. మన రోడ్డు మీద బండి నడిపేవాడు ఏం ఆశిస్తాడో జడ్జి గారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, కోర్టుకు ఆయన వచ్చింది కూడా అదే రోడ్డు మీద.

అదే సెక్షన్ మరో సంగతి కూడా చూడమంటుంది: ప్రమాదం జరిగేలోగా బాగుచేయడం కుదరకపోతే, హెచ్చరిక బోర్డు ఏదైనా పెట్టారా అని. కాబట్టి రోడ్లకన్నా ముందు బోర్డులు పెట్టాలని నా మనవి. “ముందు గుంతలు కలవు, నెమ్మదిగా వెళ్లండి” అని రాయిస్తే చాలు. దానికీ అంచనా వేయవచ్చు, టెండరు పిలవవచ్చు, పాతిక శాతం లెస్‌కు గుత్తేదారు దొరుకుతాడు. పైగా బోర్డు స్తంభం పాతడానికి గుంత తవ్వాలి. ఆ తవ్వకానికి ఎస్‌ఎస్‌ఆర్‌లో రేటు ఎలాగూ ఉంది.