కారుకి తోక తగిలించాక

ప్రయాణం ముందు రోజు సాయంత్రం ఇంటాయన మహా హుషారుగా ఉంటాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు, అదే ట్రావెల్ ట్రైలర్‌లో ఎక్కడ సందు కనబడితే అక్కడ సామాను కుక్కేస్తాడు. వెనక బంపర్‌కి రెండు సైకిళ్లు. దారిలో దొరుకుతాయో లేదోనని ట్యాంకు నిండా నీళ్లు. ముందువైపు మంచం కింద అరలో మాత్రం రెండు దుప్పట్లు. మర్నాడు హైవే మీద జరగబోయే రభసకి ఏర్పాట్లన్నీ ఈ విధంగా ఇంటి దగ్గరే పూర్తవుతాయి.

లెక్క చూడండి. నీళ్లు, సైకిళ్లు ఎక్కక ముందు బండి 2,000 కిలోలు, అందులో హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనకుండే ఇనప గుండు) మీద పడేది 210 అనుకుందాం. పదిన్నర శాతం. ఈ తరహా పెద్ద ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం ఉండాలి గనక బొటాబొటీగా గట్టెక్కినట్టే. ఇరుసు నుంచి బాల్ దాకా దూరం 4.5 మీటర్లు. ఇరుసుకి 3 మీటర్లు వెనక, స్టాండుతో కలిపి 40 కిలోల సైకిళ్లు వేలాడదీశాడు. ముక్కు మీద, అంటే బాల్‌కి తగిలే ట్రైలర్ ముందు కొస మీద, 27 కిలోలు హరీ. మీటరున్నర వెనకున్న ట్యాంకులో 100 లీటర్లు పోశాడు. లీటరు నీళ్లంటే కిలో కదా, ఇంకో 33 హరీ. ఇప్పుడు బండి 2,140 కిలోలు, బాల్ మీద 150. అంటే ఏడు శాతం. మొత్తం బరువు పెరిగి, ముక్కు బరువు తగ్గిందన్నమాట. పైగా ఆ సైకిళ్లు చిట్టచివర ఉండటం వల్ల, ఒకసారి ఊపు మొదలైతే ఓ పట్టాన ఆగదు.

హైవే ఎక్కి గంటకి 100 కిలోమీటర్లు అందుకున్నాక ఓ పెద్ద లారీ దాటుతుంది. లారీ ముందుండే గాలి ట్రైలర్ వెనక భాగాన్ని మొదట అవతలికి నెడుతుంది, లారీ పక్కకి వచ్చేసరికి ఇవతలికి గుంజుకుంటుంది. అంతే, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నట్టుంటుంది ఇంటాయన పరిస్థితి. ఎడమకి పోతే కుడికి తిప్పుతాడు, కుడికి పోతే ఎడమకి. ఆయన తిప్పుడు ఎప్పుడూ అర క్షణం ఆలస్యమే కాబట్టి ఊపుకి ఊపు తోడవుతుంది. పక్క సీట్లోంచి బావమరిది "బ్రేకు బావా, బ్రేకు!" అని కేకేస్తాడు. ఆ కేక విని బ్రేకు మీద నిలబడితే, కారు ఆగబోతుంది, వెనకున్న రెండు టన్నులు మాత్రం ఆగనంటుంది. కారుని పక్కకి తోసి అడ్డంగా మడతేసేది అప్పుడే.

చేయాల్సింది వేరు. స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలి. ట్రైలర్ బ్రేకుల్ని కారులోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, దాన్ని కొద్దిగా నొక్కాలి. ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు పడి, బండి వెనక్కి లాగినట్టై వరసలోకి వస్తుంది. ఆ మీట ఎక్కడుందో ఊగుతున్నప్పుడు వెతుక్కోకూడదు, వీధి చివరే ఒకసారి నొక్కి చూసుకోవాలి.

కుదుటపడ్డాక బావమరిది తీర్పు: "గాలి ఎక్కువగా ఉంది బావా. ఊగుడు ఆపే బార్లు కొనాల్సిందే." బార్లు మంచివే, కాదనం. కానీ తోక బరువుని అవి ముక్కుకి మోసుకురావు. సైకిళ్లు ఇరుసు దగ్గరికి, తినుబండారాల డబ్బాలు ముందు అరలోకి చేర్చి, ట్యాంకులో నీళ్లు వదిలేస్తే సగం జబ్బు అక్కడే కుదురుతుంది. మిగతాది వేగం తగ్గిస్తే. ట్రైలర్ టైర్లలో కొన్నిటి పరిమితే గంటకి 105 కిలోమీటర్లు.

హిచ్ తగిలించడం దగ్గరా ఇదే ధీమా. "టక్కుమంది, పడింది" అంటాడు ఇంటాయన. 2 అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ (బాల్ మీద టోపీలా కూర్చునే ట్రైలర్ ముక్కు) దించినా కూర్చున్నట్టే ఉంటుంది. మొదటి గతుకులో ఎగిరి దూకుతుంది. అందుకని సరైన సైజు వేసి, లాక్ చేసి, పిన్ను పెట్టాక జాకీతో ముక్కుని ఓ నాలుగు వేళ్లు పైకి లేపాలి. కారు వెనక భాగం కూడా దాంతో లేస్తే పట్టినట్టు. గొలుసులు ముక్కు కింద అడ్డంగా దాటించి తగిలిస్తే, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డు మీద పడదు, వాటి మీద ఆగుతుంది. ట్రైలర్ ఊడిపోతే లాగబడి దాని బ్రేకులు పట్టించే బ్రేకవే తీగని ఆ గొలుసుకే కట్టేవాళ్లున్నారు. గొలుసు తెగిన రోజున తీగ లాగేవాడుండడు. అది కారు వైపు విడిగా, గట్టి చోట తగలాలి. కొత్తగా చక్రం బిగించుంటే 80 కిలోమీటర్లు పోయాక నట్లు టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే రెంచి) మళ్లీ చూడాలి.

చివరికి బస చేరి, రివర్స్. స్టీరింగ్ కింది భాగం పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక అటే పోతుంది. కొంచెం కొంచెంగా తిప్పాలి, మెలిక పడితే ముందుకి లాగి సరిచేసుకోవాలి. దారి చూపేవాడు అద్దంలో కనబడకపోతే అక్కడికక్కడ ఆపేయాలి. బావమరిది మాత్రం అద్దంలో బ్రహ్మాండంగా కనబడుతూనే ఉంటాడు, "రానీ... రానీ..." అంటూ. కళ్లు రెండూ చక్రాల మీదే. పైన కొమ్మ, కొమ్మకీ కప్పు మీది ఏసీకీ మధ్య జానెడు.

"ఇంకా బోలెడుంది బావా, రానీ!"