‘ఏఐ లాకెట్’ సందేశానికి సమాధానం

అమలాపురం నుంచి భీమవరం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం జోరుగా తిరుగుతోంది. పిల్లలు అమెరికాలో స్థిరపడగా ఊళ్లో మిగిలిపోయిన తల్లిదండ్రుల మెడలో, రోజంతా మాటలు విని గుర్తుపెట్టుకునే ఏఐ లాకెట్ వేస్తే వారి మతిమరపుకు మందు దొరికినట్టేనని దాని సారాంశం. పరికరం శబ్దాన్ని దాచదు, అక్షరాలనే దాస్తుంది; మన ఫోన్లు ఎలాగూ వింటున్నాయి; ఆ జ్ఞాపకాలు శాశ్వతంగా మనవే; తప్పు చేయనివారికి భయమేమిటి, పైగా చట్టం ఉంది; మతిమరపుకు ఇది పనిచేస్తుందని పరిశోధనలు తేల్చాయి. ఇవీ అందులోని వాదనలు. మాట అనేది కనీసం ఇద్దరి మధ్య పుడుతుందన్న సంగతిని ఈ సందేశం రాసినవారు ఒక్కచోట కూడా తలచుకోలేదు.

అక్షరాలే దాస్తుంది కనుక ప్రమాదం లేదన్నది మొదటి వాదన. ఇలాంటి పరికరాల్లో ఒకటైన బీ అనే మణికట్టు పట్టీ మాటలను అక్షరాలుగా మార్చి శబ్దాన్ని పారేస్తుందని దాని తయారీదారులు చెప్పిన మాట నిజమే. అయితే శబ్దం మిగిలి ఉంటే అనుమానం వచ్చినప్పుడు మళ్లీ విని సరిచూసుకోవచ్చు. దాన్ని పారేశాక, యంత్రం తప్పు రాసినా అదే రుజువుగా నిలుస్తుంది. మన రొయ్యల చెరువు గట్టు మీద జరిగే బేరాన్నే తీసుకోండి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు హోరెత్తుతుంటే వ్యాపారి వంద కౌంటుకు (కిలోకు వంద తూగే రొయ్యలకు) ‘రెండు నలభై’ అంటాడు, రైతు ‘రెండు అరవై’ అంటాడు, ఇంతలో ఐసు లారీ వస్తుంది, కాసేపు ఎవరూ నోరు విప్పరు, చివరికి ఒకరు తల ఊపడంతో బేరం తెగుతుంది. ఆ తల ఊపడం ఏ మైకుకూ వినపడదు. ఏ అంకె దగ్గర బేరం కుదిరిందో లాకెట్ ఊహించి రాయవలసిందే. ఊహించడంలో ఈ యంత్రాలు ఎంత దూరం పోతాయో మాటలను అక్షరాలుగా మార్చే ఓపెన్‌ఏఐ వారి విస్పర్‌ను పరీక్షించిన పరిశోధకులు 2024లో చూపించారు: సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని పదబంధాలో, ఏకంగా వాక్యాలో పుట్టుకొచ్చాయి; మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట ఆ ముప్పు పెరిగింది; అలా కల్పించిన వాటిలో 38 శాతం హింసను చొప్పించడం వంటి హానికరమైన రాతలు. అది ఇంగ్లీషు మాటలపై జరిగిన పరీక్ష. ఏరియేటర్ హోరులో గోదావరి యాసకు ఇంతకంటే మేలు జరుగుతుందని నమ్మడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఫోన్లు ఎలాగూ వింటున్నాయన్న వాదనను త్వరగా ముగించవచ్చు. ఫోన్‌లోని సహాయకుడు ‘హే సిరి’ వంటి మేల్కొలుపు మాట కోసం పరికరంలోనే కాచుకుని, ఆ మాట పడ్డాకే పని మొదలుపెట్టేలా తయారైంది. పిలవకుండానే ఐఫోన్‌లోని సహాయకుడైన సిరి మేల్కొని మాటలు రికార్డు చేసిందన్న దావాను ఆపిల్ 9.5 కోట్ల డాలర్లతో రాజీ చేసుకోవలసి వచ్చింది. ఫోన్ విషయంలో దావాకెక్కిన పని లాకెట్ విషయంలో అమ్మకపు సరుకు అయింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

‘శాశ్వతంగా మనవే’ అన్న మాటకు హ్యూమేన్ అనే సంస్థ చేసిన, చొక్కాకు తగిలించుకునే ఏఐ పిన్ చరిత్రే జవాబు. 2024 ఏప్రిల్‌లో 699 డాలర్ల ధరతో, నెలనెలా 24 డాలర్ల చందాతో అది కొనుగోలుదారుల చేతికి వచ్చింది. ఏడాది తిరగకముందే సంస్థ ఆస్తుల్లో అధిక భాగాన్ని హెచ్‌పీ కొన్నది. 2025 ఫిబ్రవరి 28తో పిన్నులు సర్వర్లకు అందకుండా పోయాయి, వాటిలోని వినియోగదారుల సమాచారం చెరిపివేతకు గురైంది. అదే సంవత్సరంలో బీ అమెజాన్ చేతికి, లిమిట్‌లెస్ లాకెట్ చేసిన సంస్థ మెటా చేతికి వెళ్లాయి. చిన్న సంస్థను నమ్మి చెప్పుకున్న ఇంటి సంగతులు ఎవరి గడప చేరతాయో కొన్ననాడు తెలియదు.

ఇక చట్టం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో గానీ వెలువడలేదు; సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు అమలవుతాయి. అమలయ్యాక కూడా, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి చేసే సమాచార సేకరణకు ఆ చట్టం వర్తించదని మూడో సెక్షన్ చెబుతోంది. అంటే సంస్థను ప్రశ్నించే దారి ఉన్నా, లాకెట్ వేసుకుని మీ అరుగు మీద కూర్చున్న బంధువును ఈ చట్టం కింద నిలదీయడం కష్టం. భార్య ఫోను మాటలను భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేయడం గోప్యతా భంగమని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో అన్నది. కానీ అటువంటి రికార్డింగులను వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో తేల్చింది. తప్పు చేయనివారికి భయం లేదనేవారు డెల్టాలోని కౌలు పద్ధతిని కూడా ఒకసారి చూడాలి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. రాతకోతలంటే జంకే యజమానులు నోటిమాట మీదే పొలం ఇస్తారు. రైతు మెడలో లాకెట్ ఉందని తెలిసిన రోజున ఆ నోటిమాట కూడా దక్కదు. రికార్డు ఉంటే కౌలుదారుకే లాభం కదా అని కొందరు అంటారు. కోర్టుకెక్కే స్తోమత ఉన్న కౌలుదారుకు ఆ లాభం ఉండవచ్చు.

మతిమరపు విషయంలో మాత్రం సందేశంలో కొంత నిజం ఉంది. కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల చేసిన సెన్స్‌క్యామ్ అనే కెమెరా తీసిన చిత్రాలను పదేపదే చూడడం, జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక మహిళకు మేలు చేసిందని 2007లో ప్రచురితమైంది. ఆమె ఆ చిత్రాలను తన భర్తతో కూర్చుని చూసింది. మన ఊళ్లలో ఆ పక్కన కూర్చునే మనిషి చాలా ఇళ్లలో జీతానికి వచ్చే ఆయా. పెద్దావిడకు అన్నం తినిపిస్తూ తన మొగుడి తాగుడు, చీటీ బాకీ, కూతురి సంబంధం గురించి ఆమె చెప్పుకునే మాటలన్నీ రాత్రికి సారాంశంగా డాలస్‌లోని కొడుకు ఫోనుకు చేరతాయి. వద్దని చెబితే పని పోతుందేమోనని ఆమె భయపడుతుంది. ఆమెను అడగాలని సందేశం ఎక్కడా అనదు. తల్లికి మందులు, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు గుర్తుండడమే కావలసినదైతే, డాక్టరు గదిలో అందరికీ చెప్పి, మీట నొక్కినంతసేపే రికార్డు చేసే ఫోను చాలు.