చెయ్యి తిరిగితే చాలదు, డ్రాయింగ్ మాస్టారికి పిల్లలూ తెలియాలి

విశాఖలో ఏ బడికైనా వెళ్లి, ఆరో తరగతి పిల్లల్ని మీకు నచ్చిన బొమ్మ వేయమనండి. చాలామంది వేసేది ఒక్కటే: రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ సూర్యుడు, కింద పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, మెలికలు తిరుగుతూ ఏరు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పుట్టి పెరిగిన పిల్ల కూడా అదే వేస్తుంది. రోజూ ఆమె చూసే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ త్రికోణంలా ఉండదు. బోట్లు, వలలు, ఐసు పెట్టెలు, ఎండబెట్టిన చేపలు, ఇవేవీ కాగితం మీదికి రావు. బొమ్మంటే బోర్డు మీదున్నది చూసి దించడమేనని ఆమెకు అలవాటైపోయింది.

దీనికి డ్రాయింగ్ మాస్టారిని తప్పుపట్టడం అన్యాయం. ఆయనకు మనం ఇచ్చిన శిక్షణే అలాంటిది.

మన రాష్ట్రంలో డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవాళ్లకు బాగా తెలిసిన దారి టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కోర్సు. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసవ్వాలి. వేసవిలో 42 రోజుల శిక్షణ కూడా పూర్తి చేయాలి. లోయర్, హయ్యర్ పరీక్షల్లో చూసేది చేతిపని. గీత తిన్నగా ఉందా, రంగు సమంగా పడిందా అన్నదే లెక్క. పిల్లలకు ఎలా చెప్పాలన్న సంగతి మొదటిసారి వచ్చేది ఆ 42 రోజుల్లోనే. అదీ వేసవి సెలవుల్లో, బడులకు తాళాలు పడ్డాక! ఎదురుగా పిల్లలే లేకుండా పాఠం చెప్పడం నేర్చుకోమంటున్నాం. ఆ తర్వాత సర్టిఫికెట్ చేతికిచ్చి, యాభైమంది ఉన్న తరగతిలోకి పంపిస్తున్నాం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. అక్కడ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేసినవాళ్ల చెయ్యి ఇంకా బాగా సాగుతుంది. కానీ అది చిత్రకారుల్ని తయారుచేసే కోర్సు, టీచర్లను కాదు.

చేతిపనికీ తరగతికీ ఉన్న దూరం ఎంతో ఒక్క పీరియడ్ చూస్తే తెలుస్తుంది. నలభై నిమిషాలు. కాగితాలు పంచి, నీళ్ల డబ్బాలు పెట్టించేసరికి పది నిమిషాలు పోతాయి. సగంమందికి క్రేయాన్లు ఉండవు. ముందు బెంచీలో ఒకడు ఇల్లు వేసి, గోడలోంచి లోపల కూర్చున్న నాన్నమ్మ కనిపించేలా వేస్తాడు. గోడకు అవతల మనిషి కనపడదురా అని రబ్బరు తీసుకునే మాస్టారు ఉంటారు. కనిపించేది కాదు, తనకు తెలిసింది వేస్తున్నాడని గుర్తుపట్టి, నాన్నమ్మ ఏం చేస్తోందని అడిగే మాస్టారూ ఉంటారు. రెండోవారు తయారవ్వాలంటే పిల్లల బొమ్మలు ఏ వయసులో ఎలా మారతాయో చదవాలి, వందల బొమ్మలు దగ్గర పెట్టుకుని చూడాలి. తొమ్మిది, పదేళ్లు దాటాక తమ బొమ్మ అచ్చం నిజంలా లేదని పిల్లలకే అనిపించడం మొదలవుతుంది. నాకు బొమ్మలు రావు సార్ అనేది ఆ వయసులోనే. సరిగ్గా అప్పుడే, ఆరో తరగతిలో, డ్రాయింగ్ మాస్టారు వాళ్లకు మొదటిసారి దొరుకుతారు. ఆయన ఆ రోజు ఏమన్నారన్నదాన్ని బట్టి ఆ పిల్లలు పెన్సిల్ పట్టడమో, జీవితాంతం వదిలేయడమో జరుగుతుంది. నా దృష్టిలో శిక్షణ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదే.

ఉద్యోగాల మాటా చెప్పుకోవాలి. ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు. ఎస్‌జీటీ, స్కూల్ అసిస్టెంట్, టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్, పీఈటీ అని వర్గాలున్నాయి గానీ డ్రాయింగ్‌కంటూ ఒకటి లేదు. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలంటుంది. పార్ట్‌టైమ్ కొలువు కోసం ఎవరు మాత్రం శ్రద్ధగా చదువుతారు? పోస్టు లేదని శిక్షణను పట్టించుకోరు, శిక్షణ అంతంతమాత్రమేనని పోస్టు అక్కర్లేదంటారు. ఈ రెండు ముళ్లూ కలిపి విప్పాలి తప్ప ఒకటి విప్పితే లాభం లేదు.

విశాఖకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఏయూలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, టీచర్లను తయారుచేసే విద్యా విభాగమూ ఉంది. భీమిలిలో టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ డైట్ ఉంది. నగరమంతా నగరపాలక సంస్థ (జీవీఎంసీ) స్కూళ్లున్నాయి. బీఎఫ్ఏ విద్యార్థి ఒక సెమిస్టర్ పాటు వారానికి రెండు రోజులు ఓ కార్పొరేషన్ బడిలో గడిపితే కొత్త భవనమేమీ కట్టనక్కర్లేదు. లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక దగ్గర్లోనే ఉంది. అంకుడు కర్రను తరిణి (లేత్) మీద తిప్పుతూ, మొక్కల నుంచి తీసిన రంగు కలిపిన లక్కను అద్దే చేతుల్ని కాబోయే టీచర్లు ఒక్క వారం చూసినా, రంగంటే డబ్బాలో కొనేదే కాదని పిల్లలకు చూపించగలరు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన టీచర్ల శిక్షణలో మాత్రం వాటికింకా చోటు రావాల్సి ఉంది.

టీటీసీని ఎత్తేయమని నేననను. పేదింటి పిల్లలకు అందుబాటులో ఉన్న దారి అది. దాన్ని సగం వేసవిలో, సగం బడులు తెరిచాక పెట్టాలి. చివరి మార్కులు అభ్యర్థి వేసిన బొమ్మకు కాక, అతని దగ్గర నేర్చుకున్న ముప్పైమంది పిల్లల బొమ్మలకు వేయాలి. ఆ ముప్పై కాగితాల్లో ఒకే కొండ, ఒకే సూర్యుడు కనిపిస్తే, అతన్ని ఇంకో నెల తరగతిలోనే ఉంచాలి.